బుడిపెల ఫోమ్ రోలర్: ఉత్తర తెలంగాణలో కసరత్తు నొప్పులు, ఉపశమనం

బరువులెత్తే కసరత్తు తరువాత కండరాల్లో పుట్టే నొప్పిని తగ్గించుకోవడానికి వాడే స్తూపాకారపు నురగ దిమ్మెను ఫోమ్ రోలర్ అంటారు. పైతలం నున్నగా కాకుండా గళ్లు, గాడులు, బుడిపెలతో ఉంటే అది బుడిపెల రోలర్. దాన్ని నేల మీద పెట్టి, ఒంటి బరువు దానిపై మోపి, నొస్తున్న కండరాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ దొర్లిస్తారు. మర్దన చేసేవారు లేకుండా ఎవరికి వారే చేసుకోగలగడం ఇందులోని ప్రధాన సౌకర్యం. నొప్పి తెలియడాన్ని ఇది కొంతమేర తగ్గిస్తుంది, కీళ్ల కదలికను కాసేపు సులువు చేస్తుంది. దెబ్బతిన్న కండర పోగులను బాగుచేసే శక్తి మాత్రం దీనికి లేదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వ్యాయామం చేసేవారిని దృష్టిలో పెట్టుకొని ఈ పరికరపు నిర్మాణం, పనితీరు, పరిశోధన ఫలితాలు, జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతం, వాడుకరులు

2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో పాత ఆదిలాబాద్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. పాత కరీంనగర్‌లోని అధిక భాగం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా మారింది. ఈ ప్రాంతంలో కండబలంతో ముడిపడిన జీవనాలు ఎన్నో ఉన్నాయి. గోదావరి తీరంలోని గోదావరిఖని నుంచి మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి వరకు సింగరేణి బొగ్గు గనులు విస్తరించాయి. యంత్రాలు రాకముందు తట్టా చెమ్మస్ (పార)తో బొగ్గు ఎత్తిన కార్మికుల తరాలు ఇక్కడ ఉన్నాయి. సింగరేణి సంస్థ తన ఉద్యోగులకు ఏటా క్రీడా పోటీలు నిర్వహిస్తుంది. బొగ్గు సంస్థల మధ్య జరిగే పోటీల్లో వెయిట్ లిఫ్టింగ్, పవర్ లిఫ్టింగ్, బాడీ బిల్డింగ్ కూడా భాగం.

హకీంపేటలోని రాష్ట్ర క్రీడా పాఠశాలకు తోడుగా కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ప్రాంతీయ క్రీడా పాఠశాలలు నడుస్తున్నాయి. నాలుగో తరగతి నుంచే పిల్లలను ఎంపిక చేసి చదువుతో పాటు ఆటల్లో తర్ఫీదు ఇస్తారు. కరీంనగర్‌లోని అంబేద్కర్ స్టేడియం, ఆదిలాబాద్‌లోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియం వంటి మైదానాల్లో పోలీసు, సైనిక ఉద్యోగాలకు సిద్ధమయ్యే యువతీయువకులు సాధన చేస్తుంటారు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో పురుషులకు 1600 మీటర్ల పరుగు, స్త్రీలకు 800 మీటర్ల పరుగు, ఇద్దరికీ లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలుగా పెట్టారు. నోటిఫికేషన్ వచ్చాక కొద్ది నెలల్లోనే ఒంటిని సిద్ధం చేసుకోవాలనే తొందర వల్ల ఈ అభ్యర్థుల్లో తొలివారాల కండరాల నొప్పి ఎక్కువ. పట్టణాల్లోని ప్రైవేటు జిమ్‌లలో బరువులెత్తేవారూ వీరికి తోడవుతారు. నొప్పిని తట్టుకోలేక సాధన మానేసేవారు కొందరైతే, లెక్కచేయక గాయం తెచ్చుకునేవారు మరికొందరు. నొప్పి స్వభావం తెలిస్తే ఈ రెండు నష్టాలనూ తప్పించుకోవచ్చు.

ఆలస్యంగా వచ్చే నొప్పి

కసరత్తు చేస్తున్నప్పుడు పుట్టే మంట వేరు, మర్నాడు పుట్టే నొప్పి వేరు. రెండోది సాధారణంగా 12 నుంచి 24 గంటల తరువాత మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య బాగా పెరిగి, వారం లోపు తగ్గిపోతుంది. కండరం బిగుసుకున్నట్లు ఉంటుంది, తాకితే నొస్తుంది, బలం తాత్కాలికంగా తగ్గుతుంది. కాళ్ల కసరత్తు చేసినవారికి మర్నాడు మెట్లు దిగడం, కింద కూర్చుని లేవడం కష్టమవుతుంది. ఈ ఆలస్యపు నొప్పిని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త థియోడర్ హఫ్ 1902లోనే వర్ణించాడు. కండరం లోపల ఏదో చిరగడమే దీనికి మూలమని ఆయన ఊహించాడు.

సాగుతూనే బరువును ఆపే పనిలో కండరానికి ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది. స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు తొడ ముందు కండరాలు, డెడ్‌లిఫ్ట్‌లో బరువు దించేటప్పుడు తొడ వెనక కండరాలు, లాంగ్‌జంప్‌లో నేలను తాకేటప్పుడు తొడలు, పిక్కలు ఇలాంటి పనే చేస్తాయి. స్వీడన్ పరిశోధకులు 1981లో పదేపదే మెట్లు దిగినవారి పిక్క కండరపు ముక్కలను సూక్ష్మదర్శినితో పరీక్షించారు. కండర పోగుల్లో జెడ్ గీతలు అనే అతి చిన్న కట్టుబడులు చెదిరి కనిపించాయి. ఈ సూక్ష్మ నష్టం తరువాత వచ్చే వాపు ప్రక్రియ, నరాల చివరలు సున్నితం కావడం కలిసి నొప్పిని పుట్టిస్తాయని నేటి అవగాహన.

లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడమే కారణమనే నమ్మకం జిమ్‌లలో ఇప్పటికీ బలంగా ఉంది. 1983లో వెలువడిన ఒక అధ్యయనం దీన్ని పరీక్షించింది. చదునైన తలంపై పరుగెత్తినవారి రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగింది గానీ మర్నాడు నొప్పి రాలేదు. వాలు మీద కిందికి పరుగెత్తినవారిలో ఆ ఆమ్లం పెరగలేదు, నొప్పి మాత్రం వచ్చింది. పైగా కసరత్తు ఆగిన గంటా గంటన్నరలో రక్తంలోని లాక్టిక్ ఆమ్లం మామూలు స్థాయికి దిగిపోతుంది. కాబట్టి రోలర్ ఆమ్లాన్ని పిండి బయటకు పంపుతుందనే మాటకు ఆధారం లేదు.

ఈ నొప్పికి మంచి లక్షణం ఒకటి ఉంది. అదే పనిని కొద్దిరోజుల తరువాత మళ్లీ చేస్తే నొప్పి చాలా తగ్గుతుంది. శ్రీరాంసాగర్ కాలువ కింద వరి నాట్లు వేసే ఆడవాళ్లకు ఇది అనుభవమే. నాట్లు మొదలైన తొలి రెండు మూడు నాళ్లు తొడల వెనక గుంజుతుంది, వారం తిరిగేసరికి ఆ బాధ చాలామటుకు పోతుంది. కండరం ఒకసారి దెబ్బ తిని కోలుకున్నాక అదే భారాన్ని మెరుగ్గా తట్టుకుంటుంది. కొత్తగా చేరినవారిని తక్కువ బరువుతో మొదలుపెట్టించి వారం వారం పెంచాలని శిక్షకులు చెప్పేది ఇందుకే.

నిర్మాణం, రకాలు

చౌక రోలర్లను పాలీఇథిలిన్ నురగతో తయారుచేస్తారు. అవి తేలికగా, మెత్తగా ఉంటాయి, నెలల వాడకంతో నడుమ కుంగిపోతాయి. ఇథిలిన్ వినైల్ అసిటేట్ నురగతో చేసినవి ఎక్కువ గట్టిగా ఉండి ఎక్కువ కాలం మన్నుతాయి. విస్తరించిన పాలీప్రొపిలిన్ రోలర్లు ఇంకా గట్టివి. బుడిపెల రోలర్లలో చాలావాటికి లోపల గట్టి ప్లాస్టిక్ గొట్టం, దానిపై నురగ పొర ఉంటాయి. లోపలి గొట్టం వల్ల ఒంటి బరువుకు అవి నలగవు. వ్యాసం 10 నుంచి 15 సెంటీమీటర్లు, పొడవు 30 నుంచి 90 సెంటీమీటర్లు ఉండటం మామూలు. పిక్కలకు, తొడలకు పొట్టిది చాలు. వీపుకు అడ్డంగా పెట్టుకోవడానికి కనీసం 45 సెంటీమీటర్లది అనువుగా ఉంటుంది. చేతులతో పట్టుకుని కాలి మీద దొర్లించే కర్ర రోలర్లు మరో రకం. రోలర్ కొనలేనివారు పిక్కల మీద చపాతీ కర్రను, పిర్ర కింద టెన్నిస్ బంతిని ఇదే సూత్రంతో వాడుకోవచ్చు.

బుడిపెల వల్ల తేడా

ఒంటి బరువు అంతే ఉన్నా, చర్మానికి తగిలే చోటు చిన్నదయ్యేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. బుడిపెలు చేసే పని ఇదే. 2008లో అమెరికా పరిశోధకులు మెత్తని నురగ రోలర్‌ను, గట్టి గొట్టంపై ఎత్తుపల్లాల పొర ఉన్న రోలర్‌తో పోల్చారు. రెండో రకం తాకే విస్తీర్ణం తక్కువ, కలిగించే ఒత్తిడి ఎక్కువ అని తేలింది. నున్నని, గళ్ల, ఎత్తుపల్లాల తలాలను పోల్చిన మరో అధ్యయనంలో గరుకు తలాలు మోకాలి కదలికను, నొప్పిని తట్టుకునే స్థాయిని కొంత ఎక్కువగా పెంచాయి. ఆ ప్రయోగాలు రోలర్ వాడేటప్పుడు, వాడిన వెంటనే కలిగే ప్రభావాన్ని కొలిచినవి. బుడిపెలు ఎక్కువైన కొద్దీ మర్నాటి నొప్పి ఎక్కువ తగ్గుతుందని వాటి నుంచి తేల్చలేం.

కొత్తవారికి ఎక్కువ ఒత్తిడి మేలు చేయదు. నొప్పి తీవ్రంగా ఉంటే ఒళ్లు బిగుసుకుంటుంది, ఊపిరి బిగబడుతుంది, కండరం వదులు కావలసింది మరింత గట్టిపడుతుంది. మొదటి రెండు మూడు వారాలు నున్నని లేదా తక్కువ ఎత్తు గళ్ల రోలర్ వాడి, అలవాటయ్యాక బుడిపెల రోలర్‌కు మారడం మంచిది. సన్నగా ఉన్నవారికి, కండ తక్కువ ఉన్న పిల్లలకు పొడుగాటి బుడిపెలు అసలు వద్దు. అవి ఎముక మీద నేరుగా నొక్కుతాయి.

పనిచేసే తీరు

కండరాలను చుట్టి ఉండే సన్నని పొరల్లోని అతుకులను రోలర్ విడదీస్తుందని అమ్మకందారులు చెబుతారు. 2008లో వెలువడిన గణిత నమూనా ప్రకారం తొడ బయటివైపు పొర, అరికాలి పొర లాంటి దృఢమైన పొరల ఆకారాన్ని ఒక్క శాతం మార్చాలన్నా మనిషి చేయి పెట్టగల శక్తిని మించిన బలం కావాలి. 2019లో డేవిడ్ బెహ్మ్, యాన్ విల్కే తమ సమీక్షలో పొరల విడుదల అనే వివరణకు తగిన ఆధారం లేదని వాదించారు.

నాడీ వ్యవస్థ ద్వారా వచ్చే ప్రభావమే ఎక్కువ సబబుగా కనిపిస్తుంది. నొక్కుడు, రాపిడి సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలను కొంత అణచివేస్తాయి. మెదడు నుంచి కిందికి వచ్చే నొప్పి నియంత్రణ మార్గాలూ పనిచేస్తాయి. ఒక కాలికి మర్దన చేస్తే, తాకని రెండో కాలిలో కూడా నొప్పిని తట్టుకునే స్థాయి పెరిగినట్లు ప్రయోగాల్లో కనిపించింది. ప్రభావం ఒక్క కండరానికే పరిమితమై ఉంటే ఇలా జరగదు. చర్మం వెచ్చబడటం, రక్త ప్రసరణ కొంత పెరగడం కూడా హాయినిస్తాయి.

పరిశోధనల సారాంశం

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ విశ్వవిద్యాలయంలో ఈ విషయంపై తొలి ముఖ్య ప్రయోగాలు జరిగాయి. 2013 నాటి అధ్యయనంలో తొడ ముందు భాగాన్ని నిమిషం చొప్పున రెండు సార్లు దొర్లించాక మోకాలి కదలిక దాదాపు 10 డిగ్రీలు పెరిగింది, కండరాల బలం తగ్గలేదు. 2015 నాటి ప్రయోగంలో 8 మంది పురుషులు తమ గరిష్ఠ శక్తిలో 60 శాతం బరువుతో పది సెట్లు, సెట్‌కు పది చొప్పున స్క్వాట్‌లు చేశారు. వెంటనే 20 నిమిషాలు, ఆపై ప్రతి 24 గంటలకూ రోలర్ వాడినప్పుడు తొడల నొప్పి తక్కువగా ఉంది, పరుగు వేగం, దూకే శక్తి అంతగా తగ్గలేదు.

ఇవి చిన్న ప్రయోగాలు. 2019లో థిమో వీవెల్‌హోవె బృందం 21 అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. కసరత్తు తరువాత రోలర్ వాడితే నొప్పి అనుభూతి సగటున 6 శాతం తగ్గింది. బలం, వేగం తగ్గిపోవడాన్ని అది 3 నుంచి 4 శాతం మేర అడ్డుకుంది. కసరత్తుకు ముందు వాడితే సాగుడు గుణం 4 శాతం పెరిగింది. ప్రభావాలు చిన్నవని, కొన్ని లెక్కలోకి రానంత చిన్నవని రచయితలే రాశారు. అదే సంవత్సరం వెలువడిన మరో సమీక్ష నొప్పి తగ్గాలంటే ఒక్కో కండర సముదాయానికి కనీసం 90 సెకన్లు కేటాయించాలని సూచించింది. కోలుకునే పద్ధతులను పోల్చిన 2018 నాటి విశ్లేషణలో చేతి మర్దన అన్నిటికంటే ముందు నిలిచింది.

ఈ ప్రయోగాలన్నిటికీ ఒక పరిమితి ఉంది. రోలర్ వాడుతున్న సంగతి వాడేవారికి తెలియకుండా దాచడం సాధ్యం కాదు. కాబట్టి మేలు జరుగుతుందనే నమ్మకం కలిగించే ఉపశమనం ఎంతో, పరికరం కలిగించేది ఎంతో విడదీయడం కష్టం.

వాడే పద్ధతి

కసరత్తు ముగిసి, ఊపిరి కుదుటపడ్డాక మొదలుపెట్టాలి. జంపఖానా లేదా యోగా చాప మీద రోలర్ పెట్టి, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల వేగంతో దొర్లాలి. బాగా నొస్తున్న చోట 20 నుంచి 30 సెకన్లు ఆగి నిదానంగా ఊపిరి వదలాలి. పదికి ఆరు ఏడు మించని నొప్పి చాలు. ఒక్కో కండర సముదాయానికి కనీసం 90 సెకన్లు, మొత్తం మీద 10 నుంచి 15 నిమిషాలు సరిపోతుంది. తరువాతి రెండు రోజులూ ఇలాగే చేయవచ్చు.

పిక్కలకు: నేలపై కూర్చుని, మడమ పైనుంచి మోకాలి కిందివరకు దొర్లించాలి. ఒత్తిడి చాలకపోతే రెండో కాలిని పైన వేయాలి. మోకాలి వెనక గుంటలో నొక్కరాదు, అక్కడ రక్తనాళాలు, నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి.

తొడ ముందు భాగానికి: బోర్లా పడుకుని, మోచేతుల మీద బరువు మోపి, నడుము కిందినుంచి మోకాలిచిప్ప పైవరకు కదలాలి. చిప్ప మీదికి రానివ్వరాదు.

తొడ వెనక భాగానికి, పిర్రలకు: కూర్చుని చేతులు వెనక్కి పెట్టి దొర్లించాలి. పిర్రకు ఒక మడమను రెండో మోకాలిపై వేసుకుని పక్కకు ఒరగాలి.

వీపు పైభాగానికి: రెక్కల ఎముకల దగ్గర రోలర్ పెట్టి, చేతులతో తల పట్టుకుని, నడుము లేపి దొర్లాలి. నడుము ఒంపు మీద, మెడ మీద రోలర్ వాడరాదు. అక్కడ పక్కటెముకల ఆసరా లేదు.

వాడకూడని సందర్భాలు

2021లో వివిధ దేశాల నిపుణుల అభిప్రాయాలను సేకరించిన అధ్యయనం, తెరుచుకున్న గాయాలు, విరిగిన ఎముకలు ఉన్నచోట రోలర్ వాడరాదని తేల్చింది. లోతైన సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఎముకకు సోకిన ఇన్ఫెక్షన్, స్థానిక వాపు ఉంటే జాగ్రత్త అవసరమని చెప్పింది. ఉబ్బిన సిరలు, ఎముకల బలహీనత, రక్తాన్ని పలుచన చేసే మందులు వాడటం, మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గడం ఉన్నవారు వైద్యుని అడిగాకే వాడాలి. కండరం చిరిగి నల్లగా కమిలినప్పుడు తొలిరోజుల్లో దొర్లించరాదు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉంటే అది కసరత్తు నొప్పి కాకపోవచ్చు, పరీక్ష చేయించాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది విపరీతమైన శ్రమ వల్ల కండర కణాలు పెద్ద ఎత్తున చితికిపోవడం. చితికిన కండరాల్లోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రం నల్ల టీ రంగులో రావడం, కండరాలు విపరీతంగా వాచి బలం పోవడం దీని గుర్తులు. అప్పుడు రోలర్‌తో, కాపడంతో కాలం గడపకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆదిలాబాద్‌లో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ, కరీంనగర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రులు ఇలాంటి అత్యవసరాలకు అందుబాటులో ఉన్నాయి.

ఎండ, చలి

రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. చెమటతో నీరు, ఉప్పు పోయిన ఒంటితో విపరీతంగా శ్రమిస్తే కండరాలు చితికే ముప్పు పెరుగుతుంది. నీరు తగ్గిన స్థితిలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు మరింత హాని చేస్తాయి. వేసవిలో సాధన తెల్లవారుజామునే ముగించాలి, ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్లు తాగాలి. రేకుల షెడ్డు జిమ్‌లో, ఎండలో నిలిపిన బండిలో వదిలిన నురగ రోలర్ మెత్తబడి ఆకారం కోల్పోతుంది. చెమట అంటిన బుడిపెల సందులను సబ్బు నీటి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి.

చలికాలంలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. అప్పుడు మైదానంలో పరుగుకు ముందు ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిచి, కాళ్లకు ఒక్కో నిమిషం రోలర్ వాడితే కీళ్లు సులువుగా కదులుతాయి. ఆ సులువు అరగంట కూడా నిలవదు కాబట్టి వెంటనే అసలు వార్మప్‌లోకి వెళ్లాలి.

మర్దన సంప్రదాయంతో పోలిక

కండరాలను నొక్కి హాయి పొందడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. తాలింఖానాల్లో (పాతకాలపు వ్యాయామశాలల్లో) దండీలు, బైఠక్‌లు తీసినవారు, ముథోల్, భైంసా వైపు జాతరల్లో కుస్తీ పట్టేవారు నూనె మర్దన తెలిసినవారే. ఇళ్లలో నువ్వుల నూనె రాసి వేడినీళ్లు పోసుకోవడం, ఉప్పు మూటతో కాపడం పెట్టడం, వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయడం ఉన్నాయి. ఆదివాసీ గూడేల్లో ఇప్పపలుకుల నూనెను ఒంటికి రాసుకుంటారు. వెచ్చదనం, నొక్కుడు, విశ్రాంతి వీటన్నిటిలోనూ ఉన్నాయి. చేతి మర్దనకు పరిశోధనల్లో మంచి స్థానమే దక్కింది కనుక తోడు మనిషి ఉన్నచోట రోలర్ కోసం ఖర్చు పెట్టనవసరం లేదు. హాస్టల్ గదిలో ఒంటరిగా సాధన చేసే అభ్యర్థికి, ఒకే శిక్షకుని కింద పదుల మంది పిల్లలున్న చోట రోలర్ ఉపయోగపడుతుంది.

శిక్షణలో రోలర్ స్థానం

కండరం కోలుకునేది నిద్రలో, ఆహారంతో, తగిన విరామంతో. రాత్రికి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. బరువులెత్తేవారికి రోజుకు ఒంటి బరువులో కిలోకు 1.4 నుంచి 2 గ్రాముల మాంసకృత్తులు అవసరమని క్రీడా పోషణ నిపుణులు సూచిస్తారు. జొన్నరొట్టె, పప్పు, గుడ్లు, పెరుగు, పల్లీలు, శనగలతో ఆ మేర సమకూర్చుకోవచ్చు. ఒకే కండరానికి భారీ కసరత్తును 48 గంటల ఎడంతో చేయాలి. నొప్పి ఉన్న రోజు నడక, తేలికపాటి కదలిక మంచివి.

క్రీడా పాఠశాలల్లో, జిమ్‌లలో రోలర్ కొనేముందు శిక్షణ పట్టికను సరిచూడటం ఎక్కువ ఫలితమిస్తుంది. పిల్లలకు తొలి నెలలో తక్కువ సెట్లు ఇచ్చి, ఎవరి నొప్పి ఎన్నాళ్లుందో రాసుకుని, వారం దాటిన నొప్పిని వైద్యునికి చూపే అలవాటు పెంచాలి. మర్నాటి నొప్పి కండ పెరిగిందనడానికి కొలమానం కాదని, నొప్పి లేకుండానూ బలం పెరుగుతుందని వారికి చెప్పాలి. ఇవన్నీ కుదిరాక బుడిపెల రోలర్ తన పనిని చక్కగా చేస్తుంది: రెండు మూడు రోజుల బాధను కొంత తగ్గించి, సాధన చేసే మనిషిని మళ్లీ మైదానంలోకి సుఖంగా పంపుతుంది.